వీధిపిల్లులు - విహారయాత్రికులు

రోము నగరమందలి లార్గో అర్జెంటీనా శిథిలాలయముల ప్రాంగణము క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు హతుడైన స్థలము; నేడది పిల్లులకు నెలవు. ఇటలీలో 1991 నాటి 281వ చట్టమునుబట్టి, తీరని రోగమున్నప్పుడు తప్ప వీధిపిల్లులను వధింపరాదు; శస్త్రచికిత్సచే సంతానము నిరోధించి మరల తమ గుంపున చేర్చవలెను.

సెలవులలో అచ్చటికేగు యాత్రికుడు పదిదినములు పాలుపోసి మరలిపోవుట నా దృష్టిలో సగము దయయే. పెంటిపిల్లి తొమ్మిది వారములు గర్భము మోసి నాలుగైదు కూనలనీనును. తోడ్పడగోరువారు స్థానిక సేవకులవద్ద పద్ధతి నేర్వవలెను. పట్టుటకు ముందునాడు ఆహారము పెట్టరాదు; ఆకలిగొన్నది చేపవాసనకు బోనుజొచ్చును. తలుపు పడగనే గుడ్డ కప్పిన శాంతించును. మత్తులోనుండగా చెవికొన కత్తిరింతురు. మరల పట్టకుండుటకు అదియే గుర్తు. పాలిచ్చు తల్లి చిక్కినచో ముందుగా దానికే చికిత్సచేసి, ఆలస్యము లేక పట్టినచోటనే విడువవలెను. ఎచ్చటనో దాగిన కూనలు దానికై ఎదురుచూచుచుండును.