పాత రేడియోల సంతలో నేర్చుకున్నవి

ఒహాయో రాష్ట్రంలో ఏటా మే నెలలో ఒక సంత జరుగుతుంది. పేరు హ్యామ్‌వెన్షన్, అమెచ్యూర్ రేడియో నడిపే హ్యాముల సంత. 1952లో మొదలైంది. చాలా ఏళ్లు డేటన్ పక్కన ట్రాట్‌వుడ్‌లోని హారా ఎరీనాలో నడిచి, 2017 నుంచి జీనియా పట్టణంలోని గ్రీన్ కౌంటీ మైదానానికి మారింది. లోపల భవనాల్లో కొత్త సరుకు. ఆరుబయట, కార్ల వెనక తలుపులు ఎత్తి, మడత బల్లల మీద పరిచిన పాత సరుకు. లోపలి భవనాలతో నాకెప్పుడూ పెద్దగా పని పడలేదు.

డెబ్బయ్యో దశకంలో ఇంజనీరుగా ఈ దేశం వచ్చినవాణ్ణి. మా ఊళ్లో రేడియోకి లైసెన్సు పుస్తకం ఉండేది, పోస్టాఫీసులో ఏటా రుసుం కట్టాలి. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు వినడానికి వాల్వులు వేడెక్కేదాకా కాచుకుని కూర్చున్న తరం మాది. సెట్టు వెనక అట్ట మాత్రం ఎవరూ తీసి చూడనిచ్చేవారు కాదు. ఆ కోరిక ఇక్కడి సంతల్లో తీరింది. తీరడమే కాదు, ముదిరింది. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, సోల్డరింగ్ ఐరన్ పెట్టినచోట నిలవడం లేదు. అందుకే చెప్పడానికి పూనుకున్నాను. బాగుచేయడం ఎలాగో నేర్పే పుస్తకాలు బోలెడున్నాయి. ఎక్కడ ఆగాలో నాకెవరూ చెప్పలేదు.

1. కొనేముందు ఇంట్లో ఏముందో గుర్తు తెచ్చుకోవాలి.

ఇంకా తెల్లవారకముందే టార్చిలైట్లు పట్టుకుని బల్లల మధ్య తిరిగేవాళ్లు ఉంటారు. నేనూ అలా తిరిగాను. ఆ మసక వెలుతురులో ప్రతి సెట్టూ అందంగానే కనిపిస్తుంది, ప్రతి ధరా చవకగానే వినిపిస్తుంది. పైగా మనకో సాకు దొరుకుతుంది: మనం కొనకపోతే ఇది చెత్తకుప్పకు పోతుంది కదా అని. మా ఆవిడ గుమ్మంలో నిలబడి "ఇదీ అనాథేనా?" అని అడిగేది. ఆ మాటకు నవ్వేవాణ్ణి. గ్యారేజీ నిండిపోయి, చలికాలమంతా కారు మంచులో నిలబడినప్పుడు కూడా నవ్వాను. నేను తెచ్చిన సెట్లలో చాలావాటిని నేను కాపాడలేదు, పొడిగా ఉన్నచోట పాడవనిచ్చాను, అంతే. విప్పిన సెట్టు ఒకటి బల్లమీద ఉండగా రెండోది కొనకూడదన్న నియమం పెట్టుకునేసరికి నాకు అరవై దాటాయి.

2. "పనిచేస్తుందా?" అన్న ప్రశ్నతో లాభం లేదు.

దానికి సంతలో ఒకటే జవాబు. "నేను ఆఖరిసారి పెట్టినప్పుడు పనిచేసింది." ఆ ఆఖరిసారి నిక్సన్ ప్రెసిడెంటుగా ఉన్న రోజుల్లో కావచ్చు. అమ్మేవాడు అబద్ధమాడడు, మనం తప్పు ప్రశ్న అడుగుతాం. అడగడం మాని చూడటం నేర్చుకోండి. కండెన్సర్లు, రెసిస్టర్లు ఈరోజుకీ కొత్తవి దొరుకుతాయి. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలోనూ అడగొచ్చు. వాల్వులంటే కొత్తవాళ్లకు భయం. నిజానికి సెట్టులో అన్నిటికంటే గట్టిపిండాలు తరచుగా అవే. దొరకనివి వేరే: పవర్ ట్రాన్స్‌ఫార్మర్, కాయిల్స్, డయల్ అద్దం, ఆ మోడల్‌కే చేసిన నాబులు. స్టేషన్లు మార్చే గ్యాంగ్ కండెన్సర్‌ను వేలితో మెల్లగా తిప్పి, రేకులు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయేమో గమనించండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ముక్కుపెట్టి వాసన చూడండి. కాలిన తారు వాసన ఏళ్లు గడిచినా పోదు. ఎలుకలు కాపురం పెట్టిన ఛాసిస్ వాసనా అంతే, వాటి మూత్రానికి పట్టిన తుప్పు లోపలి తీగల దాకా పాకి ఉంటుంది.

హీత్‌కిట్ సెట్టయితే కంపెనీని కాదు, కట్టినవాణ్ణి చూడాలి. మిషిగన్‌లోని బెంటన్ హార్బర్ నుంచి విడిభాగాలు పెట్టెలో వచ్చేవి. కొన్నవాడు మాన్యువల్ ముందుంచుకుని, ఒక్కో మెట్టు పూర్తికాగానే పక్కన టిక్కు పెట్టుకుంటూ ఇంట్లో బిగించుకునేవాడు. అంత తేటగా రాసిన సాంకేతిక పుస్తకాలు నేను ఎక్కువ చూడలేదు. 1992లో ఆ సంస్థ కిట్ల వ్యాపారం మానేసింది. ఒకే మోడల్ సెట్లు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కంసాలి చేసినట్టూ, ఒకటి తొందరపాటు మనిషి చేసినట్టూ ఉంటాయి. కింద మూత తీయనిస్తాడేమో అడగండి. తీయనివ్వకపోతే పక్క బల్లకు నడవండి.

3. తెచ్చిన రాత్రే ప్లగ్గులో పెట్టకూడదు.

ఇది నాకు ఒక పెద్ద కమ్యూనికేషన్ రిసీవర్ నేర్పింది. వానలో హారా ఎరీనా బురద తొక్కుతూ మోసుకొచ్చాను. ఆరబెట్టాను, తుడిచాను, ఆగలేక స్విచ్ వేశాను. డయల్ దీపాలు వెలిగాయి. ఆ వెలుగు చూసి మురిసిపోతుండగానే ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది. వాసన పైఅంతస్తులో చదువుకుంటున్న మా అమ్మాయి గదిదాకా వెళ్లింది. నేను ప్లగ్గు పీకేసరికి నల్లటి తారు ఛాసిస్ మీదికి కారుతోంది. అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ విడిగా ఎక్కడా దొరకలేదు. చివరికి అదే మోడల్ మరో సెట్టు కొని, దాన్ని చంపి దీన్ని బతికించాను. చంపిన సెట్టు నిజానికి దీనికంటే మంచి స్థితిలో ఉంది. ఇప్పటికీ అది తలపుకొస్తే మనసు చివుక్కుమంటుంది.

జరిగింది ఇదీ. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ లోపల అల్యూమినియం రేకు మీద పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది. కరెంటును ఆపేది అదే. ఏళ్లతరబడి వాడకపోతే ఆ పొర చెడుతుంది, లోపలి ద్రవం ఎండుతుంది. ఒక్కసారిగా మూడువందల వోల్టులు తగిలితే కండెన్సర్ ఆపాల్సిన కరెంటును వదిలేస్తుంది. ఆ బరువంతా రెక్టిఫయర్ వాల్వు మీదా, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మీదా పడుతుంది. మైనం పూసిన కాగితపు కండెన్సర్లది మరో కథ. అవి తేమ పీల్చి లీకవుతాయి. వాటిలో ఒకటి ప్రత్యేకం: అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు సంకేతం అందించేది. విలువ సాధారణంగా 0.01 మైక్రోఫారడ్ చుట్టుపక్కల ఉంటుంది, చూపులకు మిగతావాటిలాగే ఉంటుంది. అది లీకైతే గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజి వస్తుంది, వాల్వు తాగకూడనంత కరెంటు తాగుతుంది, దాని వెనకే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. కాబట్టి ఫిల్టర్ కండెన్సర్లు, ఆ ఒక్క కప్లింగ్ కండెన్సర్ మార్చేదాకా స్విచ్ జోలికి పోవద్దు.

మార్చాక కూడా నేరుగా కాదు. సెట్టుకు వరసలో ఒక బల్బు కలపండి. చిన్న సెట్టుకు నలభై, అరవై వాట్లు, పెద్దదానికి వంద. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే ఊపిరి పీల్చుకోవచ్చు. పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే లోపలెక్కడో షార్టుంది. కాలేది బల్బులో ఫిలమెంటే, మీ ట్రాన్స్‌ఫార్మర్ కాదు. ఎల్‌ఈడీ దీపం ఈ పనికి పనికిరాదు. 2023 నుంచి అమెరికా దుకాణాల్లో మామూలు ఫిలమెంటు బల్బుల అమ్మకం ఆగిపోయింది. ఎక్కడైనా కనిపిస్తే నాలుగు దాచుకోండి.

4. ఛాసిస్ ముట్టుకునేముందు అది దేనికి కలిసి ఉందో తెలుసుకోవాలి.

అమెరికా వంటిళ్లలో ఒకప్పుడు కనిపించిన చిన్న ప్లాస్టిక్ రేడియోలకు వాడుకలో ఉన్న పేరు ఆల్ అమెరికన్ ఫైవ్. అయిదు వాల్వులు. వాటి హీటర్లు వరసగా కలిపి ఉంటాయి: పన్నెండు వోల్టులవి మూడు, యాభైది ఒకటి, ముప్పయ్యయిదుది ఒకటి. కూడితే దాదాపు ఇంటి కరెంటు వోల్టేజి. అలా లెక్క కుదిర్చి ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు తప్పించారు. తెలివైన పనే. కానీ ఆ సెట్లు చాలావాటిలో కరెంటు తీగ ఒకటి నేరుగా ఛాసిస్‌కే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఇనుమంతా లైవే. ప్లాస్టిక్ నాబు ఊడిపోయి కడ్డీ ఒక్కటే మిగిలిన సెట్టును పిల్లలున్న ఇంట్లో ఉంచకండి. మన దేశంలో ఏసీ-డీసీ రెంటికీ పనిచేస్తాయని అమ్మిన సెట్లలోనూ ఇదే పద్ధతి ఉండేది. అక్కడ వోల్టేజి రెట్టింపు కాబట్టి ప్రమాదమూ ఎక్కువే.

బల్లమీద ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. వేరియాక్ ఉంది కదా అంటారు కొందరు. మామూలు వేరియాక్ వోల్టేజి తగ్గిస్తుందే కానీ మిమ్మల్ని కరెంటు లైను నుంచి విడదీయదు. ప్లగ్గు పీకాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో ఛార్జి నిలిచి ఉంటుంది, రెసిస్టర్ ద్వారా దాన్ని దించాకే చేయి పెట్టాలి. లైవ్ సెట్టు మీద పనిచేసేటప్పుడు ఎడమచేయి జేబులో ఉండాలి. ఈ జాగ్రత్తలు చెబుతుంటే కుర్రాళ్లు కాస్త విసుగ్గా చూస్తారు, చూడనివ్వండి.

5. తిరిగే స్క్రూలన్నీ తిప్పడానికి కాదు.

ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ల డబ్బాల మీద చిన్న స్క్రూలు ఉంటాయి. సెట్టు సరిగ్గా పలకకపోతే కొత్తవాడి చేయి ముందు అక్కడికే పోతుంది. తప్పు ఎక్కడో ఎండిన కండెన్సర్‌లో ఉంటుంది, వీడు 455 కిలోహెర్ట్‌జ్ అమరికను చెడగొడతాడు. అప్పటికి జబ్బులు రెండవుతాయి. సిగ్నల్ జనరేటర్, ఆ సెట్టు సర్క్యూట్ కాగితం చేతిలో లేకుండా వాటిని ముట్టుకోవద్దు. ఫెరైట్ కోర్ బిగుసుకుపోయి ఉంటే బలం వాడొద్దు, పగిలితే ఇక అంతే.

6. కొత్తగా కనిపించడం బాగుపడటం కాదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చిన హ్యాములు చేతిలో డ్రిల్లు ఊరుకోనివాళ్లు. ముందు ప్యానెల్‌కు బెజ్జం పెట్టి మీటరు దూర్చేవారు, పక్కన ఇంకో స్విచ్ బిగించేవారు. కొనేవాళ్ల దృష్టిలో అదంతా మచ్చే, ధర సగానికి పడిపోతుంది. నేనూ అలాగే అనుకున్నాను. అలాంటి ఒక రిసీవర్‌కు బెజ్జాలు పూడ్చి, పాత రంగు గీకి, కొత్త రంగు కాల్పించి, అద్దంలా చేశాను. సంతలో అందరూ మెచ్చుకున్నారు. గీకేటప్పుడు ప్యానెల్ మూలన అచ్చు అక్షరాల ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఊడి వచ్చింది. ఎవరిదో కాల్‌సైన్. చెత్తబుట్టలో వేశాను. తర్వాత అతను లోపల చేసిన మార్పు సర్క్యూట్ గీసుకుని చూశాను. నాకు తట్టని ఉపాయం అది. అంత చక్కగా ఆలోచించినవాడు ఎవరో తెలుసుకోవాలనిపించింది. ఆ రోజుల్లో ఏటా కాల్‌బుక్ అచ్చయ్యేది, కాల్‌సైన్ ఉంటే పేరూ ఊరూ దొరికేవి. నాకు గుర్తున్నది డబ్ల్యూ8 అన్న మొదటి ముక్కే. ఒహాయో, మిషిగన్, వెస్ట్ వర్జీనియా హ్యాముల్లో ఎందరికో మొదలు అదే.

అప్పటినుంచి పాత భాగాలు తీస్తే కవర్లో వేసి సెట్టులోపలే కడుతున్నాను. పెన్సిలు రాతలు తుడవను. డయల్ తాడు, రబ్బరు పెళుసెక్కిన తీగలు, కరెంటు కార్డు మాత్రం మొహమాటం లేకుండా మార్చేయాలి. గౌరవం పేరుతో ఇంటికి నిప్పు పెట్టుకోనక్కర్లేదు.

7. తెలిసిన ధర దాచుకుంటే అది బేరం కాదు.

చనిపోయిన హ్యామును సైలెంట్ కీ అంటారు. అలాంటివాళ్ల సామాను సంతకు వస్తుంది. బల్ల వెనక భార్యో కొడుకో కూర్చుని ఉంటారు, వస్తువు పేరు కూడా వాళ్లకు తెలియదు. ఒకసారి అలాంటి బల్లమీద కాలిన్స్ 75ఏ-4 కనిపించింది. యాభైల నాటిది. మంచి రిసీవర్లంటే ఏమిటో తెలిసినవాళ్లు ఆ పేరు నెమ్మదిగా పలుకుతారు. ఆమె చెప్పిన ధర దాని అసలు ధరలో చిన్న ముక్క. నేను అడిగినంత ఇచ్చాను, బేరమాడలేదు. బేరమాడకపోవడమే మర్యాద అనుకున్నాను. ఆమె థాంక్స్ చెప్పి, దాన్ని కారుదాకా మోయడానికి మనవణ్ణి తోడు పంపింది. దారిలో ఆ కుర్రాడు "తాతగారు దీన్ని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు" అన్నాడు. అప్పుడైనా వెనక్కి వెళ్లి చెప్పొచ్చు. వెళ్లలేదు. మర్నాడు ఆదివారం ఆ బల్ల దగ్గరికి పోతే ఖాళీగా ఉంది.

ఆ సెట్టు బ్రహ్మాండంగా పలికేది. దాని ముందు కూర్చుని నేను ఎక్కువసేపు వినలేకపోయాను. కొన్నేళ్లకు సరైన ధరకు అమ్మి, ఆ డబ్బు ఒక విద్యార్థి ఫీజుకిచ్చాను. దానితో లెక్క సరిపోయిందని నేను అనుకోవడం లేదు. మీరు ఆ బల్ల ముందు నిలబడితే, ముందు ధర చెప్పండి. తర్వాత కొనాలో వద్దో చూసుకోవచ్చు.

8. ఇచ్చేయడానికి కూడా ఓపిక ఉండగానే పూనుకోవాలి.

మా పిల్లలకు వీటి మీద ఆసక్తి లేదు, ఉండాలని నేనూ అనను. నేను పోయాక ఆ బల్ల వెనక మా ఆవిడ కూర్చోకూడదు. అందుకే గ్యారేజీ ఖాళీ చేస్తున్నాను. మొదట ఇండియాలో నేర్చుకునే కుర్రాళ్లకు పంపుదామనుకున్నాను. హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకునే పిల్లలు ఉన్నారు. కానీ వాల్వు సెట్టు బరువుకు రవాణా ఖర్చు సెట్టు ధరను మించిపోతుంది, అక్కడి వోల్టేజికి ట్రాన్స్‌ఫార్మర్ వేరే కావాలి. మీటర్లు, వాల్వులు, పుస్తకాలు పంపగలను, పంపుతున్నాను. సెట్లు జీనియాలోనే పోవాలి.

ఒక్కో సెట్టుకు ఒక చీటీ రాసి దారంతో కడుతున్నాను. ఏ కండెన్సర్లు మార్చానో, ఏవి మార్చలేదో, ఛాసిస్ లైవ్ అవుతుందో కాదో, ఎవరి దగ్గర కొన్నానో, ఎంత అడగాలో. తారు కారిన ఆ రిసీవర్ చీటీలో ట్రాన్స్‌ఫార్మర్ దాని సొంతది కాదని కూడా రాశాను. మా ఆవిడ చదివి, ఇలా రాస్తే ఎవరు కొంటారని అడిగింది. చూద్దాం.