చెన్నపట్నపు ఐస్‌హౌసు చెప్పు అమెరికా చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్ర మన విద్యార్థులు చదువు పాఠములలో నొకటి. తేదీలను కంఠస్థము చేయుట, పరీక్ష ముగియగానే మరచుట వారికి వాడుకయైనది. ‘సముద్రముల కావలి దేశపు సంగతులు మన పిల్లల కెందుకు?’ అని తలిదండ్రులలో కొందరు మమ్ము అడుగుటయు కలదు. ఆ ప్రశ్న న్యాయమైనదే. సమాధానముగా మేము పాఠ్యపుస్తకమును కొంతసేపు మూసి, ఒక భవనమును చూపదలచితిమి.

అది మనకు దూరమున లేదు. కవరైపేట్టై స్టేషనులో రైలెక్కి సుమారు 40 కిలోమీటర్లు పోయినచో చెన్నపట్నములో దిగుదుము. అక్కడినుండి తిరువల్లిక్కేణి సముద్రతీరమునకు పోయిన, బాట ప్రక్కను గుండ్రని ముఖభాగము గల మేడ యొకటి కనబడును. నేడు దానికి వివేకానందర్ ఇల్లమని పేరు. నగరవాసులు మాత్ర మా ప్రాంతమును ఇప్పటికిని ఐస్‌హౌసు అనియే యందురు. 1842లో ఆ మేడను మంచుగడ్డలు నిలువచేయుటకు కట్టిరి. ఆ గడ్డలు అమెరికాలోని చెరువులలో కోసి, ఓడలమీద తెచ్చినవి.

ఆ వర్తకమును నడపిన వాని పేరు ఫ్రెడరిక్ ట్యూడర్. ఆతడు 1783 సెప్టెంబరు 4వ తేదీన బోస్టను నగరమున జన్మించెను. సరిగా దాని ముందటి దినముననే పారిస్ సంధిపై సంతకములు జరిగి, బ్రిటిషు ప్రభుత్వము అమెరికా స్వాతంత్ర్యమును అంగీకరించెను. కనుక ఆతనికిని, ఆ స్వతంత్ర దేశమునకును వయస్సు ఒక్కటియే యనవచ్చును. ఆతని తండ్రి విలియం ట్యూడర్ స్వాతంత్ర్య సమరమున వాషింగ్టను సైన్యమునకు న్యాయాధికారిగా పనిచేసినవాడు.

ఆ సమరమునకు నాంది పలికిన దేదియో విద్యార్థు లెరుగుదురు. 1773 డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టను రేవులో 342 పెట్టెల తేయాకును సముద్రము పాలుచేసిరి. ఆ తేయాకు ఎవరిది? చెన్నపట్నమున సెంట్ జార్జి కోటనుండి పాలించిన ఈస్టిండియా కంపెనీదే. మూడు సంవత్సరముల పిమ్మట, 1776 జూలై 4న, 13 వలసలు స్వాతంత్ర్యమును ప్రకటించినవి. 1781లో యార్క్‌టౌనున ఓడి లొంగిన కారన్‌వాలిసు ప్రభువు 1786లో మన దేశమునకు గవర్నర్ జనరలుగా వచ్చెను. అక్కడ ఓడినవాడు ఇక్కడ శాశ్వత శిస్తు ఏర్పాటు చేయగల వాడాయెను. చరిత్రలో ఇట్టి చమత్కారములు పెక్కులు కలవు.

కొత్త దేశమునకు 1787లో రాజ్యాంగము రచింపబడెను, 1789లో వాషింగ్టను అధ్యక్షుడాయెను. అయినను ఆ దేశపు వర్తకులకు స్వాతంత్ర్యమనగా ముఖ్యముగా తమ ఓడలను తా మిచ్చవచ్చిన రేవునకు పంపుకొను హక్కు. 1794లో ఇంగ్లండుతో చేసికొన్న ఒప్పందము వలన అమెరికా ఓడలకు మన దేశపు రేవులు తెరచుకొన్నవి. వచ్చునప్పు డా ఓడలకు తగిన సరకు దొరకకుండెను. నీలిమందు, తోళ్లు వంటివి కొనిపోవుటకై రాళ్లను అడుగుబరువుగా వేసికొని వచ్చుచుండిరి. రాళ్లకు బదులు మంచుగడ్డ వేసిన నేమని ట్యూడరు తరువాత తలంచెను.

ఆతని మొదటి ప్రయత్నము 1806లో జరిగెను. 130 టన్నుల మంచుగడ్డను వెస్టిండీసులోని మార్టినిక్ ద్వీపమునకు పంపెను. ఊరివారు నవ్విరి, నష్టము వచ్చెను. 1807లో అధ్యక్షుడు జెఫర్సను విదేశ వాణిజ్యమును నిషేధించెను. 1812లో ఇంగ్లండుతో మరల యుద్ధము వచ్చెను. పాఠ్యపుస్తకమున ఈ రెండును రెండు వాక్యములు మాత్రమే. ట్యూడరునకు మాత్రము అవి అప్పులై, అప్పులు చెరసాలయైనవి.

మంచుగడ్డ భూమధ్యరేఖను రెండు మారులు దాటి, నాలుగు నెలల ప్రయాణమున కరగిపోకుండుట యెట్లు? విజ్ఞానశాస్త్ర మభ్యసించు విద్యార్థులు దీనిని శ్రద్ధగా గమనింతురు గాక. ఒక గ్రాము మంచు కరగుటకు 80 కేలరీల వేడిమి కావలెను. అంత వేడిమితో ఒక గ్రాము నీటిని 0 డిగ్రీలనుండి 80 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచవచ్చును. కాబట్టి మంచు త్వరగా కరగునది కాదు, వేడిమి త్వరగా చేరకుండ చూచిన చాలును. వేడిమి చేరునది ఉపరితలము ద్వారా. ఘనాకారపు పెద్దగడ్డ నొకదానిని ఎనిమిది సమాన ఘనములుగా ఖండించిన ఉపరితల వైశాల్యము రెండింతలగును. అందుచేత గడ్డలను సందు లేకుండ ఒకదానికొకటి ఆనించి పేర్చి, మొత్తమును ఒకే పెద్దగడ్డ వలె చేయవలెను. ఇందులకై 1825లో నథానియల్ వైయత్ గుర్రములు లాగు మంచునాగలిని కల్పించెను. గడ్డకట్టిన చెరువుపై నిలువుగను అడ్డముగను చాళ్లు తీయగా, కొలతప్రకారము చదరపు దిమ్మెలు వచ్చెను. వాని చుట్టు రంపపు పొట్టు దట్టించిరి. కోతమిల్లులలో పారవేయు పొట్టు ఇట్లు విలువగల వస్తువాయెను. సందేహము గలవారు ఐసుముక్కలు రెండు తెచ్చి, ఒకటి పొట్టులో కప్పి, రెండవది పళ్లెములో నుంచి గడియారము చూచుకొనవచ్చును.

1833లో ‘టస్కనీ’ అను ఓడ 180 టన్నులతో బయలుదేరి కలకత్తా చేరునప్పటికి సుమారు 100 టన్నులు మిగిలెను. ఆ జయము చూచి బొంబాయి, చెన్నపట్నములందును మంచు మేడలు వెలసినవి. 1846-47 శీతకాలమున వాల్డెన్ అను చెరువులో కూలీలు మంచు కోయుచుండగా, దాని గట్టున కుటీరము కట్టుకొని నివసించుచున్న హెన్రీ డేవిడ్ థోరో చూచెను. 1854లో ప్రకటించిన తన గ్రంథమున మద్రాసు ప్రజలు తన చెరువునీరు త్రాగుచున్నారని వ్రాసికొనెను. ఆయన భగవద్గీతను ఆంగ్లానువాదమున చదివినవాడు. త్రాగినవారు ప్రజలనుట కవిహృదయమే కాని, ఆ చల్లని నీరు ప్రధానముగా దొరలకును ధనికులకును దక్కినది. మన తాతముత్తాతలకు కుండనీరే గతి.

ఇక మేము దాటిపోరాని విషయ మొకటి కలదు. మానవులందరు సమానులుగా సృజింపబడిరని 1776లో చాటిన దేశమున 1790లో సుమారు 7 లక్షలమంది బానిసలుండిరి. 1793లో ఎలీ విట్నీ ప్రత్తినుండి గింజ తీయు యంత్రమును కనిపెట్టెను. యంత్రము వచ్చిన శ్రమ తగ్గవలెను గదా? గింజ తీయుట సులభమైనందున ప్రత్తి సేద్యము విస్తరించెను, సేద్యము పెరిగినకొలది బానిసలు పెరిగిరి. 1860 నాటికి వారు దాదాపు 40 లక్షలు. 1830లో అధ్యక్షుడు జాక్సను కాలమున శాసనముచేసి, మిసిసిపీ నదికి తూర్పుననున్న ఆదివాసులను పడమటికి తరలించిరి. వారు విడిచిన నేలలో ప్రత్తి వేసిరి. ట్యూడరు మంచు చార్లెస్టను, న్యూ ఓర్లియన్సు, హవానా రేవులలో అమ్ముడుపోయెను. కొనినవారిలో బానిసల శ్రమచే ధనవంతులైనవారు పలువురు. స్వాతంత్ర్యముతోపాటు పుట్టిన ఈ వర్తకుని ధనమునకును ఆ మచ్చ అంటియే యున్నదని మా యభిప్రాయము. అదే థోరో బానిసత్వమును సహించు ప్రభుత్వమునకు పన్ను కట్టనని 1846లో ఒక రాత్రి చెరలో నుండెను. ఆయన వ్యాసమును గాంధీ మహాత్ముడు దక్షిణాఫ్రికాలో చదివెను.

1861 ఏప్రిలులో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు యుద్ధము మొదలాయెను. దక్షిణపు రేవులను ఉత్తరపు నౌకాదళము మూసివేయగా, ఇంగ్లండు మిల్లులకు అమెరికా ప్రత్తి రాలేదు. వర్తకుల చూపు మన దేశముపై పడెను. బళ్లారి, కోయంబత్తూరు వంటి చోట్ల ప్రత్తి ధర ఆకాశమునంటెను. 1865లో యుద్ధము ముగియగానే ధర పడిపోయెను. ఎక్కడనో బానిసల విముక్తికై జరిగిన పోరాటము మన రైతు ఇంట లాభముగను, పిదప అప్పుగను కనబడినది. 1863 జనవరి 1న లింకను విముక్తి ప్రకటన గావించెను. 1865 డిసెంబరులో రాజ్యాంగ సవరణచే బానిసత్వము రద్దాయెను. ఆరు లక్షలమందికి పైగా సైనికులు అంతకుముందే నేలకొరిగిరి. ట్యూడరు 1864 ఫిబ్రవరిలో మరణించెను.

తరువాతి కథ వేగమైనది. 1869 మే 10న ఖండమును దాటు రైలుమార్గము పూర్తియైనది. ఉక్కు, బొగ్గు, విద్యుచ్ఛక్తి ఆ దేశపు రూపమును మార్చినవి. ఐసుతో చల్లబరచిన రైలుపెట్టెలలో షికాగోనుండి మాంసము దూరనగరములకు పోసాగెను. 1886లో అదే షికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినమునకై సమ్మెచేసిరి. మంచు వర్తకమును చంపినదియు యంత్రమే. జాన్ గోరీ అను వైద్యుడు 1851లోనే మంచుచేయు యంత్రమునకు హక్కుపత్రము పొందియుండెను. 1870ల తరువాత మన నగరములలోనే ఆవిరియంత్రములతో ఐసు తయారు కాజొచ్చెను. చెన్నపట్నపు మేడ ఖాళీయైనది.

దానిని కొన్న న్యాయవాది బిలిగిరి అయ్యంగారు నివాసగృహముగా మార్చిరి. 1893లో చెన్నపట్నపు శిష్యులు చందాలు వసూలుచేసి ఒక యువ సన్న్యాసిని షికాగోకు పంపిరి. విద్యుద్దీపములతో వెలుగు మహాప్రదర్శనము అక్కడ జరుగుచుండెను. సెప్టెంబరు 11న ఆయన సర్వమత సభలో మాటలాడెను. తిరిగివచ్చిన వివేకానందస్వామి 1897 ఫిబ్రవరిలో తొమ్మిది దినములు ఈ మేడలోనే బసచేసిరి. మంచుదిమ్మెలు పేర్చిన ఆ భవనములో నేడు ఆయన జీవితమును చూపు ప్రదర్శనశాల కలదు. రాబోవు సెలవులలో పిల్లలను తీసికొనిపోవు తలిదండ్రులు, లోనికి పోవుటకు ముందు ఆ గుండ్రని గోడను వెలుపలినుండి ఒకసారి చుట్టి చూపవలెనని కోరుచున్నాము.