చిన్నబిడ్డతో సెలవుదినము – సూరత్ నగరమందలి తెలుగు కుటుంబములకు

సూరత్ నగరమున లింబాయత్, ఉధ్నా మొదలగు ప్రాంతములలో తెలుగు కుటుంబములు పెక్కు కలవు. వీరిలో చాలమంది వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతములనుండి మరమగ్గముల పనికై తరలివచ్చిన పద్మశాలీలు, వారి సంతతివారు. నగరపాలక సంస్థవారు వీరి పిల్లలకై తెలుగు మాధ్యమమున పాఠశాలలను గూడ నడుపుచున్నారు. అయితే పాఠశాలకు పోవు వయస్సు రాని బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డకు లోకమన ఒకటి రెండు గదులు, ఒక ఇరుకు సందు, రేయింబవళ్లు వినవచ్చు మగ్గముల చప్పుడు. తండ్రి పండ్రెండు గంటల పాళీ ముగించి వచ్చుసరికి బిడ్డ నిద్రించుచుండును. బిడ్డ మేల్కొనుసరికి తండ్రి నిద్రించుచుండును. ఇట్టి యింట సెలవునాడు బిడ్డను వెలుపలికి తీసికొనిపోవుట విలాసమని కొందరు తలంతురు. అది సరికాదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2019 లో ప్రకటించిన సూచనల ప్రకారము, ఏడాది నిండినది మొదలు నాలుగేండ్ల వరకు గల బిడ్డ దినమునకు మొత్తముమీద మూడు గంటలకు తక్కువ గాకుండ నడచుచు, పరుగిడుచు, ఎక్కుచు దిగుచు ఆడుకొనవలెను. రెండేండ్లు నిండని బిడ్డను ఫోను తెర యెదుట కూర్చుండబెట్టుట తగదు. ఎముకల గట్టిదనమునకు తోడ్పడు డి విటమిను, ఎండ చర్మముపై పడుటవలన శరీరముననే తయారగును. గదిలో పెరుగు బిడ్డకు ఈ రెండును కొరవడును. మాటల సంగతియు అంతియే. చెట్టును, పడవను, పిట్టను కంటితో చూచి పేరు విన్న బిడ్డకు మాటలు త్వరగా వచ్చును.

చోటు, వేళ

పెద్దలకు ఒక దినమున మూడు చోట్లు చూచి రావలెనని యుండును. రెండేండ్ల బిడ్డకు ఒక పూటకు ఒక చోటు చాలును. పదునారవ శతాబ్ది ఆరంభమున మలిక్ గోపీ త్రవ్వించిన గోపీ తలావ్ నగరము నడుమనే యున్నది. తాపీనది యొడ్డున సర్థాణాలో నగరపాలక సంస్థవారి జంతు ప్రదర్శనశాల కలదు. అచ్చట నీటికుక్కలు పిల్లలను పెట్టి వృద్ధి చెందుచున్నవి. అవి నీట మునుగుచు తేలుచు ఆడుచుండగా చూచుట ఏ వయస్సు వారికైనను వేడుకయే. పాల్ ప్రాంతమున చేపల ప్రదర్శనశాల యున్నది. సింహమును చూపవలెనని తండ్రి తొందరపడుచుండగా బిడ్డ బోనుముందు చీమలబారును చూచుచు కూర్చుండవచ్చును. కూర్చుండనిండు. టిక్కెట్టు డబ్బు వ్యర్థము కాలేదు.

మార్చి మొదలు జూన్ వరకు ఉదయము తొమ్మిది గంటల లోపునను, సాయంకాలము అయిదు దాటిన పిమ్మటను మాత్రమే బయలుదేరవలెను. చిన్న శరీరము పెద్దవారి శరీరముకంటె త్వరగా వేడెక్కును. దాహమైనదని చెప్పుటకు బిడ్డకు మాటలు చాలవు. కనుక అడుగకముందే కొంచెము కొంచెముగా నీరు త్రాగించుచుండవలెను. కాచి చల్లార్చిన నీరు ఇంటినుండియే తీసికొనిపోవుట మేలు. ఆరు నెలలు నిండని శిశువునకు ఎంత యెండకాలమైనను నీరు పట్టరాదు. తల్లిపాలే మరికొన్ని మారులు ఇయ్యవలెను.

సంచిలో మార్పు బట్టలు, నూలు టోపీ, ఇంట వండిన పొడి తినుబండారములతోపాటు ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండు ఉండవలెను. విరేచనములు పట్టుకొన్నచో పెద్ద పొట్లము మొత్తమును ఒక లీటరు నీటిలో కలిపి, చెంచా వెంట చెంచాగా పట్టవలెను. సగము పొట్లమును కంటి అంచనాతో కలుపరాదు. ఉప్పు పాలు తప్పినచో మేలునకు బదులు కీడు కలుగును. పొట్లము దొరకనిచోట లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండును తలగొట్టి కొలిచి కలుపవచ్చును. కలిపిన నీటిని ఒక దినము దాటిన పిమ్మట పారబోయవలెను. కన్నులు లోతుకు పోవుట, మూత్రము తగ్గుట, ఏడ్చినను కన్నీరు రాకుండుట, మగతగా నుండుట కనిపించిన యెడల వెంటనే ఆసుపత్రికి చేరవలెను.

2023 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణమున సూరత్ ఇందౌరుతో కలిసి దేశమున ప్రథమస్థానము నందినది. 1994 లో ప్లేగు భయముతో రైళ్లు నిండి జనము పారిపోయిన నగరమునకు ఇది చిన్న విషయము కాదు. అయినను వీధి శుభ్రముగా నున్నంతమాత్రమున రంగునీరు పోసిన మంచుగోళపు మంచు శుభ్రమని చెప్పజాలము. కళ్లముందు వేయించిన వేడి బజ్జీ అంతకంటె నయము.

డుమస్ తీరము

నగరమునకు నైరృతి దిక్కున సుమారు 20 కిలోమీటర్ల దూరమున డుమస్ సముద్రతీరము కలదు. ఇచ్చటి యిసుక నల్లనిది. సెలవునాటి సాయంకాలము నగరమున సగము ఇచ్చటనే యున్నట్లు తోచును. టమాటా బజ్జీలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఒంటెల మీద సవారి – బిడ్డకు ఇంతకు మించిన సంబరము లేదు.

వరంగల్లు, కరీంనగరము సీమలకు సముద్రము లేదు. అచ్చటివారు చెరువు నెరిగినవారు. చెరువు నీరు ఉదయ మెచ్చట నున్నదో సాయంకాలమును అచ్చటనే యుండును. ఖంభాత్ సింధుశాఖ అట్టిది కాదు. మన దేశమున మిక్కిలి హెచ్చుగా పోటుపాటులు వచ్చు తీరములలో ఇది యొకటి. నీరు ఇంచుమించు ఆరు గంటలు తీసి, మరల ఆరు గంటలు పొంగును. తీరము చదునైనది గనుక పాటు వేళ నీరు చాలదూరము వెనుకకు పోయి బురదనేల బయటపడును. బిడ్డతో అంతదూరము నడచిపోయినవారికి సముద్రము శాంతముగా నున్నట్లే కనిపించును. నీరు మరలి వచ్చునపుడు మొదట పల్లపు పాయలలో చేరును; ఎదుట నీరు దూరముననే యుండగా వెనుక దారి మునుగుటయు సంభవించును. బురదలో పాదము దిగబడునపుడు బిడ్డనెత్తుకొని పరుగెత్తుట సాధ్యము కాదు. బయలుదేరకముందే ఆనాటి పోటు వేళ తెలిసికొనవలెను. పోటు మొదలైన పిమ్మట ఒడ్డుననే యుండవలెను.

పున్నమ, అమావాస్యలు గడచిన ఒకటి రెండు దినములలో పోటు మిక్కిలి పెద్దదిగా వచ్చును. శరత్పూర్ణిమ మరునాడు సూరతీలు చాందనీ పడవో పండుగ చేసికొని, ఆరుబయట వెన్నెలలో కూర్చుండి ఘారీ అను మిఠాయి తిందురు. అందమైన పండుగ. కాని ఆ రాత్రి సముద్రము సంవత్సరమందలి పెద్దపోటులలో ఒకదానితో నుండును. చీకటిలో నీటి అంచు కనిపించదు. బిడ్డ గల కుటుంబము ఆ రాత్రి ఘారీని ఇంటి మేడమీద తినుట మంచిది. వెన్నెల అచ్చటను కాయును.

మునుగుచున్న బిడ్డ కేకలు వేయునని అందరు నమ్ముదురు. వేయదు. ఊపిరికే చాలని గొంతు అరవజాలదు. చీలమండ లోతు నీటిలో బోర్లపడినను చిన్నబిడ్డకు ప్రాణాపాయమే. కనుక నీటి దగ్గర బిడ్డ ఎల్లప్పుడు ఒక పెద్దవాని చేతికందు దూరమున నుండవలెను. ఆ పెద్దవాడు ఆ సమయమున ఫోటోలు తీయరాదు. నీటినుండి తీసిన బిడ్డను తలక్రిందులుగా పట్టి త్రిప్పుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట మన పల్లెలలో నున్న అలవాటు. దానివలన విలువైన నిమిషములు పోవును. ఊపిరి ఆడనిచో వెంటనే నోటితో ఊపిరి ఊదుచు, 108 కు ఫోను చేయింపవలెను.

భోగి, ఉత్తరాయణము

తెలుగువారి భోగి, గుజరాతీల ఉత్తరాయణము వెంటవెంటనే వచ్చును. భోగి సాయంకాలము అయిదేండ్ల లోపు బిడ్డను పీటపై కూర్చుండబెట్టి రేగుపండ్లు, శనగలు, చెరకు ముక్కలు, చిల్లర నాణెములు, పూలరేకులు తలపై పోయుదురు. మరునాడు మేడల మీద నువ్వుల చిక్కీ, వేరుసెనగ చిక్కీ, మరల రేగుపండ్లు. ఈ రెండు దినముల పదార్థములను ఒక చోట పోసి చూచినచో, చిన్నబిడ్డ గొంతున అడ్డుపడదగినవే సగమునకు పైగా కనిపించును. నాలుగేండ్లు నిండని బిడ్డకు గింజతోనున్న రేగుపండు, నమలవలసిన వేరుసెనగపప్పు, గట్టి చిక్కీ ఇయ్యరాదు. నువ్వులు బెల్లము మెత్తగా దంచిన చిమ్మిలి ఇయ్యవచ్చును. పేరంటము ముగియగానే, పాటలకంటె ముందు, నేలపై నాణెములను గింజలను ఏరి చిమ్మవలెను. ఈ వేడుకను మానుమనుట కాదు. అమ్మమ్మ నాయనమ్మల యూరు నూర్ల మైళ్ల దూరమున నున్న బిడ్డకు ఇది వారితోడి ముడి.

గొంతున ఏదైన అడ్డుపడి బిడ్డ గట్టిగా దగ్గుచున్నచో దగ్గనియ్యవలెను. దగ్గు రాక, మాట రాక, ముఖము నల్లబడుచున్నచో, ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి రెండు భుజపుటెముకల నడుమ అరచేతి మడమతో అయిదు దెబ్బలు వేయవలెను. పోనిచో వెనుకనుండి చేతులు చుట్టి బొడ్డునకు పైగా పిడికిలితో లోనికి, మీదికి అయిదుమార్లు నొక్కవలెను. ఏడాది లోపు శిశువును ముంజేతిపై బోర్లించి, తల క్రిందుగా నుంచి వీపున అయిదు దెబ్బలు వేసి, వెలికిల త్రిప్పి రొమ్ము నడుమ రెండు వ్రేళ్లతో అయిదుమార్లు నొక్కవలెను, పొట్ట నొక్కరాదు. వస్తువు కంటికి కనిపించనిదే నోట వ్రేలు పెట్టి వెదకరాదు. అది మరింత లోనికి పోవును.

గాలిపటముల వేళ మేడమీద నుండు పెద్దలందరు ఆకాశమును చూచుచుందురు. బిడ్డను చూచువాడొక్కడు నుండడు. ప్రమాదమునకు మూలమిదియే. గోడ నడుమెత్తు లేని మేడకు బిడ్డను తీసికొనిపోరాదు. ఉన్నచోటను గోడచెంత ఇటుకలు, డబ్బాలు, కుర్చీలు ఉంచరాదు. పెద్దలలో ఒకరు అరగంట చొప్పున వంతు వేసికొని, చేత దారము పట్టక, బిడ్డను కనిపెట్టియుండవలెను.

గాజుపొడి పూసిన మాంజాకు సూరత్ పేరుపడ్డది. నైలాను మొదలగు కృత్రిమ దారములను 2017 లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతట నిషేధించినది. అవి సులభముగా తెగవు, చర్మమును తెంపును. మోటారుసైకిలుపై కుటుంబమంతయు పోవునపుడు బిడ్డను ముందు పెట్రోలు తొట్టిపై కూర్చుండబెట్టుట వాడుక. రోడ్డు కడ్డముగా వ్రేలాడు దారము మొదట తాకునది ఆ బిడ్డ మెడనే. ఆ రెండు దినములు బిడ్డతో ద్విచక్ర వాహనమెక్కకుండుట ఉత్తమము. తక్కిన దినములలో, 2023 ఫిబ్రవరి నుండి అమలులోనున్న నియమము ప్రకారము, నాలుగేండ్ల లోపు బిడ్డను నడుపువానికి కట్టు రక్షణపట్టీ ఉండవలెను. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు హెల్మెట్టు పెట్టవలెను. వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు.

మిగిలిన పండుగలు

చలికాలమున లేత జొన్నకంకులను కాల్చి రాల్చిన గింజలను సూరతీలు పోంక్ అందురు. తెలుగువారి ఊచబియ్యమదియే. కారపు సేవు కలుపక, కొంచెము నలిపి, ఏడాది దాటిన బిడ్డకు పెట్టవచ్చును. వానకాలమున శుభ్రమైన మేడమీద తడియుట తప్పు కాదు. వీధిలో నిలిచిన నీటిలో ఆడుట తప్పు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన వచ్చు లెప్టోస్పైరోసిస్ జ్వరము దక్షిణ గుజరాతునకు క్రొత్త కాదు. దీపావళి నాడు కాలినచోట ఇరువది నిమిషములు చల్లని నీరు ధారగా పోయవలెను. సిరా గాని, పండ్లపొడి గాని పూయరాదు.

బతుకమ్మ, గర్బా రాత్రులలో బిడ్డను ధ్వనిపెట్టెల చెంత నుంచరాదు. ఆ గుంపులలో తప్పిపోవుట మరియొక భయము. తెలుగు తప్ప రాని మూడేండ్ల బిడ్డ గుజరాతీ మాటాడు పోలీసుతో ఏమి చెప్పగలదు? అమ్మ అని మాత్రము చెప్పును. కనుక మూడేండ్లు వచ్చుసరికి తల్లి పేరు, తండ్రి పేరు, పేట పేరు వల్లె వేయింపవలెను. తండ్రి ఫోను నంబరు వ్రాసిన కాగితమును జేబు లోపలివైపున కుట్టవలెను. బిడ్డ కనిపించనిచో సిగ్గుపడి తామే వెదకుచు కాలము గడపక, వెంటనే దగ్గరి పోలీసులకు, 1098 కు తెలుపవలెను.

దీపావళికి మగ్గములు మూతపడినపుడు అనేక కుటుంబములు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సులో వరంగల్లు వైపు పయనమగును. ప్రయాణము దీర్ఘమైనది. బిడ్డకు పైబెర్తు పనికిరాదు. తల్లి ప్రక్కన క్రిందిబెర్తున గోడవైపు పరుండబెట్టవలెను. టీకాల కార్డును బట్టల పెట్టెలో గాక చేతిసంచిలో నుంచవలెను. ఊరిలో నుండగా టీకా దినము వచ్చినచో అచ్చటి ఉపకేంద్రమున వేయించి, కార్డుపై వ్రాయించుకొని రావలెను.