వాక్వా బుట్ట: కుటుంబ జీవనంలో మితము

మారిషస్ ద్వీపపు నడిమి పీఠభూమిపై వాక్వా అనే పట్టణం ఉన్నది. దానికి సమీపంలోనే ద్వీపంలోకెల్లా పెద్ద జలాశయమైన మార్-ఓ-వాక్వా ఉన్నది. ఈ రెండు పేర్లకూ మూలం ఒక చెట్టు. ఆంధ్రదేశపు తూర్పు తీరాన ఇసుక నేలలలో పెరిగే మొగలికి వాక్వా దగ్గరి చుట్టము. పొడవైన కత్తివంటి ఆకులు, అంచుల వెంబడి ముళ్లు, నేలకు పైన లేచి కాండానికి ఊతమిచ్చే వేళ్లు గల ఆ చెట్టు విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాలనుండి ఓడ ఎక్కి వచ్చిన కూలివారికి పూర్తిగా పరాయిదని తోచి ఉండదు.

19వ శతాబ్దంలో ఈ ద్వీపపు చక్కెర వాక్వా ఆకులతో అల్లిన సంచులలోనే విశేషంగా ఎగుమతి అయ్యేది. తరువాత నార సంచులు, గోనె సంచులు వచ్చినవి. (గోనె అన్న మాట క్రియోల్ భాషలో నేటికీ ‘గోని’గా వాడుకలో ఉండుట తెలుగు పిల్లలకు చెప్పదగిన సంగతి.) 1980లో పోర్ట్ లూయీ రేవులో చక్కెరను సంచులతో పనిలేకుండా రాశిగా నింపే కేంద్రం ప్రారంభమైనది. సంచి అవసరం రేవులో తీరిపోయినా వాక్వా ఆకు మాత్రం ఇంటిలో నిలిచినది. బజారుకు తీసుకొనిపోయే చేతిబుట్టగా, క్రియోల్‌లో ‘తాంత్’గా, అది అమ్మమ్మల చేతినుండి అమ్మల చేతికి వచ్చినది. ఆ తరువాతి తరంలోనే అది గోడమేకుకు చేరినది. దాని స్థానంలో ప్లాస్టిక్ సంచి వచ్చినది.

ఈ మార్పును గురించి మాట్లాడునప్పుడు పెద్దలు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. తోట కాంపులలోని పూర్వుల జీవితం నిరాడంబరమైనదని, దానికి తిరిగి పోవాలని ఉపన్యసిస్తారు. ఆ నిరాడంబరత ఎట్టిదో కొంచెం చూడవలెను. కోరంగి రేవు పేరు మీదుగా ‘కోరంగీలు’ అని పిలువబడిన ఆ తెలుగువారు ఒప్పందంపై పనిచేసిన రోజులలో పురుషునికి నెలకు 5 రూపాయలు కూలి. దానిపై బియ్యము, పప్పు, ఉప్పు కొలిచి ఇచ్చేవారు. ఒక రోజు పనికి రానిచో రెండు రోజుల కూలి కోసే పద్ధతి ఉండేది. చినిగిన గోనెను స్త్రీలు నడుముకు చుట్టుకొని చెరకు పొలానికి పోయినది పర్యావరణంపై ప్రేమచేత కాదు. మరొక వస్త్రం లేనందువలన. నీటిని కడవలతో మోసుకొని రావలసినందువలన పొదుపుగా వాడినారు. ఆ కష్టం తమ పిల్లలకు వద్దనుకొని వారు పిల్లలను బడికి పంపినారు. కొళాయి, గ్యాసు పొయ్యి, శీతల పెట్టె వారి కోరిక నెరవేరిన గుర్తులు. వాటిని తప్పుగా చూచుట వారిని అవమానించుటే అవుతుంది.

లేమి వేరు, మితము వేరు. లేమిలో ఎంపిక లేదు. కొనగలిగి ఉండియు ఒక వస్తువు అవసరం లేదని తెలిసి మానుకొనుటయే మితము. కాబట్టి నేటి కుటుంబం ఎదుట ఉన్న ప్రశ్న కాంపు జీవితానికి తిరిగి పోవుట కాదు. ఆనాటి పనిముట్లలో, అలవాట్లలో ఏవి నేటికీ ఉపయోగపడతాయో ఏరుకొనుట.

ఏరుకొనవలసిన అవసరం ఎందుకు వచ్చినదో ద్వీపపు కొలతలే చెబుతాయి. ప్రధాన ద్వీపం వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు; జనాభా 12 లక్షలకు పైగా. ఇంత మందీ పారవేసే చెత్తకు 1997 నుండి ఆధారంగా ఉన్నది ఆగ్నేయ భాగంలోని మార్ షికోజ్ ఒక్కటే. ఆ దుర్వాసన భరించలేని సమీప కుటుంబాలను మరొక చోటికి తరలించవలసి వచ్చినది. ఇండ్లనుండి పోయే చెత్తలో సగానికి పైగా తరుగు, తొక్కలు, మిగిలిన అన్నము, తోట ఆకులే. అవి గాలి ఆడని గుట్ట అడుగున పడి కుళ్లినప్పుడు మీథేన్ అనే వాయువు పుడుతుంది. 2011 నుండి అక్కడి వాయువును పట్టి విద్యుత్తు తీస్తున్నారు. అది మంచి పనియే. అయినా తొక్కను లారీలో మోసి, గుట్టలో పూడ్చి, దాని వాయువును తిరిగి పట్టుటకంటె ఇంటి పెరటిలోనే ఎరువు చేయుట తేలిక కదా.

చట్టం కొంత పని చేసినది. 2016 జనవరి 1 నుండి ప్లాస్టిక్ చేతిసంచులను, 2021 జనవరి 15 నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లెములు, చెంచాలు మొదలైన అనేక వస్తువులను నిషేధించినారు. కాని నిషేధం సంచిని మాత్రమే మార్చగలదు. పారవేసే అలవాటును మార్చజాలదు. నేడు పలు ఇండ్లలో తలుపు వెనుక పది పదిహేను గుడ్డసంచులు వేలాడుట చూడవచ్చును. దుకాణానికి పోయిన ప్రతిసారీ మరచిపోయి మరొకటి కొన్నందువలన చేరినవే అవి. పత్తి పండించుటకు నీరు, నేయుటకు ఇంధనం, ఓడలో తెచ్చుటకు నూనె ఖర్చయినవి. రెండు మూడు మారులు వాడి మూలపెట్టిన గుడ్డసంచి ప్లాస్టిక్ సంచికంటె మేలైనదని చెప్పుటకు వీలులేదు. మేలు సంచి జాతిలో లేదు. ఎన్ని సంవత్సరాలు వాడినామన్న దానిలో ఉన్నది.

వాక్వా బుట్ట విలువ ఇక్కడనే తెలుస్తుంది. ముళ్ల అంచులు తీసివేసి, ఆకును ఎండబెట్టి, సన్నని పట్టీలుగా చీల్చి, మెత్తబరచి అల్లిన ఆ బుట్ట అడుగు వెడల్పుగా ఉండి గుమ్మడిని, కొబ్బరికాయలను మోయగలదు. దానికి పనికిరాని పనులూ ఉన్నవి. పచ్చి చేపను నేరుగా వేసినచో నీరు కారి ఆకు కుళ్లుతుంది; చేపకు మూతగల డబ్బాను ఇంటినుండి తీసుకొనిపోయి బుట్టలో పెట్టుకొనవలెను. పీఠభూమిపై గాలిలో తేమ ఎక్కువగనుక మూసిన అరలో పెడితే బూజు పడుతుంది. గాలి తగిలే చోట వ్రేలాడదీయవలెను. కారు ఉన్న ఇంటిలో బుట్ట వంటింటిలో కాక కారులోనే ఉండుట మేలు. ఇది స్వల్ప విషయమే, కాని మరపుకు ఇంతకంటె మందు లేదు.

పెరటి ఎరువు సంగతి. రెండు మూడు పాళ్లు ఎండుటాకులకు ఒక పాలు వంటింటి తరుగు చొప్పున పొరలు పొరలుగా వేసి, పిండిన గుడ్డకు ఉన్నంత తడి ఉండునట్లు చూచి, వారానికొకసారి తిరగవేసినచో కొద్ది నెలలలో నల్లని ఎరువు తయారవుతుంది. వండిన మాంసము, చేప, నూనె పదార్థాలు అందులో వేయరాదు, ఎలుకలు వస్తాయి. ఎండుటాకు కొరకు వెదుకవలసిన పని చెరకు సీమలో ఎవరికీ ఉండదు. ఆ ఎరువుతో పెరిగే మునగ, చేమ, తోటకూర ఇంటి కూరకుండలోనికి చేరుతాయి. ‘బ్రెద్ మురుం’ పేరుతో ద్వీపవాసులందరూ తినే కూర తెలుగింటి మునగాకే. తినే బియ్యం దాదాపు అంతయు ఓడలలో వచ్చే దేశంలో కూరనైనా పెరటినుండి కోసుకొనుట చిన్న లాభం కాదు.

చెరకు ఎండుటాకు 2020లో మరొక విధంగా జ్ఞాపకానికి వచ్చినది. ఆ సంవత్సరం జూలై 25న వకాషియో అనే ఓడ ఆగ్నేయ తీరపు పగడపు దిబ్బపై చిక్కుకొన్నది. ఆగస్టు 6 నుండి సుమారు 1,000 టన్నుల నూనె సముద్రంలోనికి కారినది. మయేబుర్గ్ ఒడ్డున వేలాదిమంది చేరి, బట్టను పొడవైన గొట్టముగా కుట్టి, అందులో చెరకు ఎండుటాకును కూరి, తేలుటకు ఖాళీ సీసాలు కట్టి, నూనెను అడ్డుకొనే తెట్టెలను తయారుచేసినారు. ఎవరికీ శిక్షణ లేదు. చేతికి అందినది చెరకు ఆకు. తాతలు ఏ ఆకు చేత చేతులు కోసుకొన్నారో ఆ ఆకునే మనుమలు మూటలుగా కట్టినారు.

నీటి విషయంలో ఒక సత్యం దాచరాదు. ఈ ద్వీపంలో శుద్ధిచేసి గొట్టాలలోనికి వదలిన నీటిలో దాదాపు సగం లెక్కకు రాకుండా పోతున్నది. పాత గొట్టాల చిల్లులు దానికి ముఖ్య కారణం. ఇంటి ఇల్లాలు చెంబుతో పొదుపు చేసినంత మాత్రాన ఆ చిల్లులు పూడవు. గొట్టాలు బాగుచేయుమని ప్రభుత్వాన్ని అడుగుట కూడ కుటుంబ ధర్మమే. అయినను వర్షాలు తగ్గిన నెలలలో కొళాయి గంటల లెక్కన వచ్చునప్పుడు, కప్పుపై పడిన వాననీటిని పీపాలో నిలువ ఉంచుకొన్న ఇల్లు నిశ్చింతగా ఉంటుంది. బియ్యము, కూరలు కడిగిన నీరు మొక్కలకు పోయవచ్చును. పీపాకు మాత్రం దోమ దూరని మూత తప్పనిసరి. 2006లో చికున్‌గున్యా వ్యాపించినప్పుడు నిలువనీరు ఎంత కీడు చేయగలదో ద్వీపం చూచినది.

ఈ పనులన్నీ ఎవరు చేయవలెను అన్న ప్రశ్న తరచుగా దాటవేయబడుతుంది. తరుగు వేరుచేయుట, బుట్ట మోయుట, నీరు పట్టుట అన్నీ ఇల్లాలి నెత్తిన పడినచో అది మితము కాదు; పాత కాంపు చాకిరీయే క్రొత్త పేరుతో తిరిగి వచ్చినట్లు. ఎరువుకుప్ప తిరగవేయుట తండ్రి పని, తరుగు డబ్బా తీసుకొనిపోవుట పిల్లల పని అని పంచుకొన్న ఇండ్లలోనే ఇవి మొదటి నెల దాటి నిలుస్తాయి.

ఇంటికంటె పెద్ద పరీక్ష పండుగలలో, పెండ్లిండ్లలో ఎదురవుతుంది. అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పండుగ, దీపం చుట్టూ తెల్లవార్లూ సాగే రామభజనం - ఇవన్నీ పదిమంది కలిసి తినే సందర్భాలు. అరటి ఆకుపై ఏడు కూరల భోజనం మారిషస్ తెలుగువారికి, తమిళులకు పేరు తెచ్చిన ఆచారం. అక్కడ ఆకు ఇంకా నిలిచి ఉన్నది. జారిపోయినవి దాని ప్రక్కనున్నవి: గ్లాసులు, నీటి సీసాలు, పిల్లలకు పంచే పొట్లాలు, అలంకరణకు కట్టే కృత్రిమ పువ్వులు. ఒక సమాజమందిరం రెండువందల లోహపు గ్లాసులు కొని ఉంచినచో, పెండ్లి చేసే ప్రతి కుటుంబమూ వాటినే వాడుకొనవచ్చును. కడుగుటకు నలుగురు కుర్రవారిని ముందుగానే నియమించవలెను. లేనిచో రాత్రి పది గంటలకు ఆ భారమూ స్త్రీలమీదనే పడుతుంది. విస్తళ్లు ఎత్తునప్పుడు ఆకులకు ఒక తొట్టి, తక్కిన చెత్తకు వేరొక తొట్టి పెట్టి, మొదటి పంక్తి లేవకముందే ఒకరు అక్కడ నిలబడితే చాలును. రెండవ పంక్తికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆకుల తొట్టి మరునాటి ఉదయం ఎవరి అరటితోటకు పోవలెనో వంటవారిని మాట్లాడిన రోజుననే నిర్ణయించుకొనవలెను.