పాత పేరు లేదని తేలితేనే కొత్త జాతి

బోటనీతో డిగ్రీ చేసినవాళ్లకు మన దగ్గర ఎవరైనా చెప్పేవి రెండే దారులు: బీఈడీ చేసి డీఎస్సీకి చదవడం, లేదంటే గ్రూప్స్ కోచింగ్‌లో చేరడం. రెండింటినీ కాదనలేం. వాటి పక్కన పెద్దగా ఎవరూ తొక్కని దారి మరొకటి ఉంది. మైక్రోస్కోపు ముందు గంటలకొద్దీ కూర్చోగలిగే ఓపిక ఉన్నవాళ్లు దాని గురించి తెలుసుకోవడం మంచిది.

వాగులో నానుతున్న రాయిని చేత్తో తడిమితే గోధుమరంగు పాచి జారుడుగా తగులుతుంది. అందులో ఎక్కువగా ఉండేవి డయాటమ్‌లు. ఇవి ఒకే కణం ఉండే శైవలాలు. చాలావాటి పొడవు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కణం చుట్టూ సిలికాతో, అంటే గాజు లాంటి పదార్థంతో కట్టుకున్న గోడ ఉంటుంది. మూత ఉన్న డబ్బాలాగా ఒక సగం రెండో సగం మీద కూర్చుంటుంది. ఆ గోడ మీది చారలు, రంధ్రాలు, నడిమి చీలిక ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టే ఏ జాతో చెబుతారు.

సేకరించడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. రాయిని ట్రేలో పెట్టి టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆ నీటిని సీసాలో పోసుకుంటారు. చోటు, తేదీ, జీపీఎస్, నీటి పీహెచ్ అక్కడికక్కడే రాసుకోవాలి. లేబుల్ లేని సీసా పారబోయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ల్యాబ్‌లో నైట్రిక్ ఆమ్లంతోనో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనో వేడిచేస్తే సేంద్రియ పదార్థమంతా పోయి గాజు గోడలే మిగులుతాయి. ఆమ్లం పూర్తిగా పోయేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కవర్ స్లిప్ మీద ఆరబెట్టి, నాఫ్రాక్స్ అనే జిగురుతో స్లయిడ్ చేస్తారు. గాజు మధ్యలో గాజు కనబడదు కాబట్టి, కాంతిని అంతకన్నా ఎక్కువగా వంచే ఇలాంటి జిగురు కావాలి. ఆ తర్వాత ఆయిల్ ఇమ్మర్షన్ కింద వెయ్యి రెట్లు పెద్దది చేసి చూడటం, ఫొటోలు తీయడం, కొలవడం.

అసలు చిక్కు కొలతల దగ్గరే వస్తుంది. డయాటమ్ విడిపోయినప్పుడు రెండు పిల్ల కణాలకూ తల్లి గోడలో చెరో సగం దక్కుతుంది. రెండూ తమకు దక్కిన సగాన్ని మూతగా ఉంచుకుని, లోపలి సగాన్ని కొత్తగా కట్టుకుంటాయి. చిన్న సగం దక్కిన కణం ఆ మేరకు చిన్నదవుతుంది. ఇలా తరాలు గడిచేకొద్దీ చాలా జాతుల్లో సగటు పరిమాణం తగ్గుతూ వస్తుంది. పొడవు కుదించుకుపోతుంది, కొనలు మొద్దుబారతాయి. చివరికి లైంగిక ప్రత్యుత్పత్తి జరిగి, ఆక్సోస్పోర్ దశలో కణం మళ్లీ పూర్తి పరిమాణానికి చేరుతుంది. దాంతో ఒకే జాతికి చెందిన పెద్ద కణం, చిన్న కణం పక్కపక్కన పెడితే రెండు వేరు జాతుల్లా కనిపిస్తాయి. ఒక్క పొట్టి కణాన్ని చూసి కొత్త జాతి దొరికిందని సంబరపడటం ఈ రంగంలో అందరికీ వచ్చే తొలి జ్వరం. మందు ఒకటే: ఆ జనాభాలో పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వీలైనన్ని కణాల పొడవు, వెడల్పు కొలిచి, పది మైక్రాన్లలో ఎన్ని చారలున్నాయో లెక్కపెట్టడం. పొడవు మారినంతగా చారల సాంద్రత మారదు, అందుకే దానికి అంత విలువ.

కొలతలు చేతికొచ్చాక పాత పేర్లను ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ పోవాలి. నా ఉద్దేశంలో పరిశోధకుడి సత్తా తేలేది ఇక్కడే. మన డయాటమ్‌లను చాలాకాలం యూరప్ పుస్తకాల్లోని బొమ్మలు చూసి గుర్తించారు. దాంతో దగ్గరి పోలిక ఉన్న యూరప్ పేరే ఇక్కడివాటికీ తగిలించిన సందర్భాలు తక్కువేం కావు. హెచ్.పి. గాంధీ అనే అధ్యాపకుడు కాలేజీలో పాఠాలు చెబుతూనే పశ్చిమ భారతదేశపు మంచినీటి డయాటమ్‌లకు పెద్ద సంఖ్యలో పేర్లు పెట్టారు. ఆయన పెట్టిన పేర్లను సరిచూసుకోకుండా ఇక్కడ కొత్త పేరు పెట్టడం కుదరదు.

పోల్చడం అంటే ఏమిటో ఇండికోనీమా కథలో చూడొచ్చు. తూర్పు కనుమల్లోని ఒక తేటనీటి నదిలో దొరికిన ఈ డయాటమ్‌ను పుణేలోని అఘార్కర్ పరిశోధన సంస్థవాళ్లు 2024లో కొత్త ప్రజాతిగా ప్రకటించారు. చూపుకు ఇది గోంఫోనీమా బంధువే: ఒక కొన వెడల్పు, ఇంకో కొన సన్నం. గోంఫోనీమాలో సన్నటి కొన దగ్గర మాత్రమే సన్నని రంధ్రాల గుంపు ఉంటుంది. అక్కడి నుంచి జిగురు కాడ ఊరి రాయికి అతుక్కుంటుంది. ఇండికోనీమాకు ఆ గుంపు రెండు కొనల్లోనూ ఉంది. ఇంత సూక్ష్మమైన తేడాను నిలబెట్టాలంటే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉండాల్సిందే.

పేరు పెట్టడానికి నియమావళి ఉంది. శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల అంతర్జాతీయ నామకరణ నియమావళి ప్రకారం వర్ణన లాటిన్‌లోనో ఇంగ్లిష్‌లోనో ఉండాలి; 2012కు ముందు కొన్ని దశాబ్దాల పాటు లాటిన్ తప్పనిసరిగా ఉండేది. బొమ్మ ఉండాలి. హోలోటైప్, అంటే ఆ పేరుకు ఆధారంగా నిలిచే నమూనా, ఏదో చెప్పి, ఏ సంస్థలో భద్రపరిచారో రాయాలి. డయాటమ్‌ల విషయంలో హోలోటైప్ అంటే స్లయిడ్ మొత్తం కావచ్చు, దాని మీద గుర్తుపెట్టిన ఒక్క కణమూ కావచ్చు. మన దేశంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి: జీవవైవిధ్య చట్టం, 2002లోని 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి వివరాలను నిర్దేశిత సంస్థకు తెలిపి, నమూనాను అక్కడ జమచేయాలి. అడవుల్లో సేకరణకు అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

ఇక ఉపాధి సంగతి. 'డయాటమ్ నిపుణులు కావలెను' అని నోటిఫికేషన్ వస్తుందని ఎదురుచూడకండి. ఎమ్మెస్సీ బోటనీ చేసి, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు వస్తాయి, ఇంటి అద్దె భత్యం అదనం. ఇవి 2023లో పెంచిన రేట్లు. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లోనూ ప్రాంతీయ కేంద్రం ఉంది. శాశ్వత పోస్టులు తక్కువ, ప్రాజెక్టు కొలువులు తాత్కాలికం. ఈ మాట ఇంట్లో కూడా ముందే చెప్పి ఒప్పించుకోవాలి.

అయితే ఈ పనితనం వేరేచోట్ల కూడా పనికొస్తుంది. నీటిలో శవం దొరికితే మునిగి చనిపోయారా, చనిపోయాక పడేశారా అని తేల్చడానికి ఫోరెన్సిక్‌లో ఎముక మజ్జలో డయాటమ్‌లను వెతుకుతారు. కాలుష్యం పెరిగిన చోట కొన్ని జాతులు మాయమై, తట్టుకునేవి మిగులుతాయి కాబట్టి నీటి నాణ్యత చెప్పడానికీ వీటిని వాడతారు. యూరప్ దేశాలు యూరోపియన్ యూనియన్ 2000లో తెచ్చిన నీటి విధాన ఆదేశం కింద వీటిని నిత్యం లెక్కిస్తాయి. మనకూ ఆ వారసత్వం ఉంది: ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన వి. వెంకటేశ్వర్లు మూసీ నది శైవలాలకూ కాలుష్యానికీ ఉన్న సంబంధంపై 1969లోనే అంతర్జాతీయ పత్రికలో వ్యాసాలు ప్రచురించారు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు కొత్త జాతిని వెతుక్కుంటూ పోవద్దని నా సలహా. మీ ఊరికి దగ్గర్లో ఒక వాగునో చెరువునో పట్టుకుని, మూడు కాలాల్లో నమూనాలు తీసి, తెలిసిన జాతులను తప్పు లేకుండా గుర్తించడం నేర్చుకోండి. అల్గేబేస్, డయాటమ్స్ ఆఫ్ నార్త్ అమెరికా వెబ్‌సైట్లు ఉచితమే. అయితే రెండోది అమెరికా జాతులది కాబట్టి అందులోని పేరును కళ్లు మూసుకుని ఇక్కడివాటికి పెట్టేయొద్దు. పరిశోధన సంస్థలో చేరతానని మెయిల్ పెట్టేటప్పుడు ఆసక్తి గురించి పేజీలు రాయడం కన్నా, ఒకే జాతి కణాలను పెద్ద నుంచి చిన్న వరకు వరుసగా పేర్చిన ఒక ఫొటో పలకను జతచేయండి. స్కేల్ బార్ పెట్టడం మరిచిపోవద్దు. మెయిల్ తెరిచినవాళ్లు మొదట వెతికేది దాన్నే.