ఫ్రెంచ్ పాలిష్‌కు ముందు చెక్క రంధ్రాలు నింపడం ఎలా? – వడ్రంగి లబ్ధిదారులకు పని పాఠం

పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగి వృత్తి కింద నమోదైన వారి కోసం ఈ పాఠం. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకంలో శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఈ-వోచర్, మొదటి విడతగా లక్ష రూపాయల వరకు పూచీకత్తు లేని రుణం ఉన్నాయి. ఆ రుణాన్ని 18 నెలల్లో తీర్చాలి. లక్ష తీసుకుంటే అసలు కిందే నెలకు 5,500 రూపాయల పైన పడుతుంది. పాలిష్ బాగాలేదని ఒక్క టేబుల్ తిరిగొచ్చినా ఆ నెల కిస్తీకి ఇబ్బందే. కాబట్టి ఈ పని మొదటిసారే సరిగ్గా చేయడం నేర్చుకుందాం.

రంధ్రాలు ఎందుకు నింపాలి?

టేకు, మద్ది, మామిడి చెక్కల్లో కంటికి కనిపించే సన్నటి రంధ్రాలుంటాయి. లక్క పూత చాలా పల్చన. రంధ్రాలు నింపకుండా పాలిష్ పెడితే మొదటి రోజు మెరుస్తుంది. తర్వాత లక్క ఆరేకొద్దీ రంధ్రాల్లోకి కుంగి, పైన సన్న గుంటలు తేలతాయి. వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే కస్టమర్‌కు ముందు కనబడేది అదే. లక్క బొమ్మలకు వాడే అంకుడు కర్రలో రంధ్రాలు చాలా సన్నం, దానికి ఇంత పని అక్కర్లేదు.

కావలసినవి

• సాండ్ పేపర్: 120, 180, 240, 320 నంబర్లు
• మెత్తటి సుద్ద పొడి, మెథిలేటెడ్ స్పిరిట్
• చెక్క రంగుకు తగ్గట్టు కొద్దిగా జాజు పొడి
• షెల్లాక్ రేకులు, అంటే లక్క రేకులు
• పాత నూలు గుడ్డలు, మూత ఉన్న గాజు సీసా (ఇనుప డబ్బాలో లక్క నల్లబడుతుంది)

పని వరుస

1. చెక్కను 120తో మొదలుపెట్టి 180, 240 వరకు రేఖ వెంటే పేపర్ కొట్టండి. అడ్డంగా కొడితే పడే గీతలు పాలిష్ కింద ఇంకా ఎక్కువ కనబడతాయి. దుమ్ము పూర్తిగా తుడవండి.

2. లీటరు స్పిరిట్‌కు కిలోన్నర సుద్ద పొడి లెక్కన కలపండి. టేబుల్‌కు అంత అక్కర్లేదు, పావు లీటరు స్పిరిట్‌కు 375 గ్రాములు చాలు. ఉత్త సుద్ద రంధ్రాల్లో తెల్లగా మిగిలిపోతుంది. అందుకే జాజు చిటికెడు చిటికెడుగా వేస్తూ, చెక్క కంటే కొంచెం ముదురు రంగు వచ్చేదాకా కలపండి.

3. ముందు అదే చెక్క ముక్క మీద పూసి, ఆరాక పైన లక్క రాసి రంగు చూసుకోండి. టేబుల్ మీద పూశాక రంగు మార్చడం కష్టం.

4. మిశ్రమాన్ని గుడ్డతో రేఖకు అడ్డంగా, గుండ్రంగా గట్టిగా రుద్దండి. అప్పుడే రంధ్రాల్లోకి దిగుతుంది. స్పిరిట్ త్వరగా ఆరిపోతుంది కాబట్టి కొంచెం కొంచెం చోటుగా చేయండి. పైన మిగిలింది అక్కడికక్కడే అడ్డంగా తుడిచేయండి. రేఖ వెంట తుడిస్తే నిండింది మళ్లీ బయటకొస్తుంది.

5. పూర్తిగా ఆరాక 240తో తేలిగ్గా పేపర్ కొట్టి, దుమ్ము తుడవండి.

6. ఇప్పుడు సీల్ పూత. లీటరు స్పిరిట్‌కు సుమారు 150 గ్రాముల లక్క వేసి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టండి. ఇదే మీ పాలిష్. అందులో కొంత వేరే తీసి, సమానంగా స్పిరిట్ కలిపి పల్చన చేసి ఒక పూత వేయండి. ఉత్త సుద్దకు పట్టు ఉండదు. ఈ లక్కే లోపలికి దిగి దాన్ని పట్టి ఉంచుతుంది.

7. మర్నాడు చెక్కను కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూడండి. గుంటలు కనబడితే 320తో తేలిగ్గా కొట్టి, ఆ చోట మళ్లీ నింపి, మళ్లీ సీల్ పూత వేయండి. టేకుకు రెండుసార్లు నింపాల్సి రావచ్చు. గుంటలు లేవనుకున్నాకే గుడ్డ ఉండతో అసలు పాలిష్ మొదలుపెట్టండి. ఉండ పట్టేస్తుంటే ఒక చుక్క అవిసె నూనె రాయండి.

జాగ్రత్తలు

• స్పిరిట్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. బీడీ, పొయ్యి, వెల్డింగ్ దగ్గర ఈ పని వద్దు. కిటికీలు తెరిచి ఉంచండి.
• మెథిలేటెడ్ స్పిరిట్ విషం. తాగితే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ పోయకండి, పిల్లలకు అందకుండా పెట్టండి.
• వాన ముసురులో లక్క పూస్తే తేమకు పాలలా తెల్లబడుతుంది. పొడిగా ఉన్న రోజు చూసుకోండి.
• నెలల తరబడి నిల్వ ఉన్న లక్క నీళ్లు సరిగా ఆరవు. గాజు మీద ఒక చుక్క వేసి చూడండి. మర్నాటికీ జిగటగా ఉంటే పారబోయండి.

కస్టమర్‌తో ముందే చెప్పాల్సినవి

నింపడానికి, ఆరడానికి రెండు మూడు రోజులు అదనంగా పడుతుంది. ఆ రోజుల కూలి, సామాను ఖర్చు రేటు చెప్పేటప్పుడే కలిపి చెప్పండి. పని మధ్యలో అడిగితే గొడవవుతుంది. అలాగే లక్క పాలిష్ మీద వేడి గిన్నె పెట్టినా, స్పిరిట్ ఉన్న శానిటైజర్ పడినా మచ్చ పడుతుందని చెప్పండి. తిండి తినే టేబుల్‌కైతే వేరే పూత మంచిదని మీరే సలహా ఇవ్వండి. ముందే నిజం చెప్పిన వడ్రంగి దగ్గరికే కస్టమర్ మళ్లీ వస్తాడు.

గుర్తుంచుకోండి: రుద్దు – నింపు – ఆరబెట్టు – సీల్ చెయ్యి – వెలుతురులో చూడు. ఆ తర్వాతే పాలిష్.