యువరాజు: పదము, పదవి

'యువరాజు' అను మాటను మనము హరికథలలోను, పురాణ కాలక్షేపములలోను తరచుగా వినుచుందుము. రాజుగారి పెద్దకుమారుడే యువరాజని పలువురు తలంతురు. కాని పూర్వము అది పుట్టుకతోనే వచ్చెడి పేరు కాదు. అభిషేకము చేసి ఒప్పగించెడి పదవి.

'యువ' అనగా పడుచు వయస్సుననున్నవాడు. పెద్దరాజు జీవించియుండగనే పాలనభారమును పంచుకొనుచు, రాచకార్యములను నేర్చుకొనువాడు యువరాజు. ఆ పదవికి యౌవరాజ్యమని పేరు.

రామాయణములో దశరథుడు శ్రీరామునకు యౌవరాజ్యము నీయదలచి, పౌరులను, జానపదులను సభకు రప్పించి వారి అభిప్రాయము నడిగెను. జానపదులనగా పల్లెసీమల ప్రజలు. సుగ్రీవుడు రాజైనపుడు అన్నకొడుకగు అంగదుడు యువరాజయ్యెను. శ్రీరాముడు పట్టాభిషిక్తుడైన పిమ్మట ఆ పదవిని తమ్ముడగు భరతునకిచ్చెను. కనుక రాజు కుమారుడే యువరాజు కావలెనను నియమము లేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రము యువరాజును 18 మంది ముఖ్యాధికారులలో నొకనిగా లెక్కించి, మంత్రి, పురోహితుడు, సేనాపతులతో సమానముగా 48,000 పణముల వేతనము విధించినది. జీతమున్నచోట బాధ్యతయు ఉండును గదా!

ఆ బాధ్యత యెట్టిదో మన నేలలోనే దొరికిన రాగి రేకులు తెలుపుచున్నవి. నరసారావుపేట ప్రాంతమునందలి మైదవోలులో లభించిన ప్రాకృత శాసనమును సుమారు 1,700 ఏండ్ల క్రిందట కంచినుండి పల్లవ శివస్కందవర్మ 'యువమహారాజు' హోదాలో వేయించెను. ధాన్యకటకమునందలి అధికారికి పంపిన ఆజ్ఞ యది. ఆంధ్రపథములోని విరిపర అను గ్రామమును ఇరువురు బ్రాహ్మణులకు దానమిచ్చి, ఆ యూరికి కొన్ని మినహాయింపులు ప్రకటించెను. అచట ఉప్పుకై త్రవ్వరాదు, సైనికులు ప్రవేశింపరాదు, అధికారులు ఎడ్లను పట్టరాదు, వండిన అన్నము, మంచములు, బస అడుగరాదు. తక్కిన గ్రామములు ఈ భారములన్నియు మోయుచుండెనని దీనివలన గ్రహింపవచ్చును. ఈ శివస్కందవర్మయే పిదప మహారాజై హీరహడగళ్ళి శాసనము వేయించెను. గ్రామముల వ్యవహారము అతడు ముందుగా యువరాజుగనే చేపట్టెనన్నమాట.

స్వతంత్ర భారతములో ఈ పదవికి తావులేదు. 1971లో 26వ రాజ్యాంగ సవరణ మాజీ సంస్థానాధీశుల గుర్తింపును, రాజభరణములను తొలగించినది. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ ప్రకారము పంచాయతీలకు అయిదేండ్ల కొకసారి ఎన్నికలు జరుగవలెను. 21 ఏండ్లు నిండినవారు వయస్సు కారణముగా సభ్యత్వమునకు అనర్హులు కారు.

నేడు అధికారమునకు వారసుడు ఒక యింట పుట్టడు. ప్రజల ఓటుతో ఏ వార్డునుండియైనను రావచ్చును. అయినను యౌవరాజ్యములోని మేలైన గుణము, అనగా పెద్దలుండగనే పిన్నలు పని నేర్చుకొనుట, విడువదగినది కాదు. అనుభవజ్ఞులైన సభ్యులు కొత్తవారికి జమాఖర్చులు చూపి, తీర్మానములు వ్రాయుట నేర్పి, గ్రామసభలో మాటలాడ నిచ్చినచో, మన పంచాయతీలకు సమర్థులైన వారసుల కొరత యుండదు.